నీళ్లెక్కువై చౌడుబారిన మా చేను

మా చిన్నప్పుడు... భూగోళం పాఠానికి మా సారు పుస్తకం తెరిచేది తక్కువ. "రేపు మీ మీ చేలలోని మన్ను తీసుకురండి" అనేవారు. నేను పాత డాల్డా డబ్బా నిండా మా నల్లరేగడి మన్ను మోసుకుపోయాను. కెంచనగుడ్డ ఊరికి పోయే దారిలో మాకు ఐదెకరాలుండేది. బడిలో అంతా కన్నడం, ఇంటికొస్తే తెలుగు... మా సరిహద్దు పిల్లలందరిదీ అదే బతుకు.

సారు నా డబ్బాను వరండాలో ఎండకు పెట్టించి, రోజూ ఓ గ్లాసు నీళ్లు పోయించారు. అడుగున చిల్లు లేదు కదా, నీళ్లు బయటికి పోయే దారే లేదు. పోయడం, ఎండడం, మళ్లీ పోయడం... కొన్ని వారాలకు మన్ను మీద ఉప్పు చల్లినట్టు తెల్లగా తేలింది.

నల్లరేగడి నీళ్లను తొందరగా కిందికి వదలదని, కాలువ నీళ్లు అదేపనిగా నిలబెడితే లోపలి ఉప్పు పైకొచ్చి నేల చౌడుబారుతుందని సారు చెప్పారు. మా నాయన చేస్తున్నది అచ్చంగా అదే.

సర్కారు కాలువ ఇచ్చినప్పుడు మా భూములకు జొన్న, పత్తి లాంటి ఆరుతడి పంటలే అని చెప్పారట. ఎవరు విన్నారు? ఊరంతా వరే, ఏడాదికి రెండు పంటలు. మా నాయన వాన కోసం మొగులు చూసి చూసి పెరిగిన మనిషి. విత్తనానికని దాచిన జొన్నలు కూడా దంచుకు తిన్న ఏళ్లున్నాయని మా జేజి చెప్పేది. అట్లాంటి మనిషికి తూములో నీళ్లు కనబడితే మూయబుద్ధవుతుందా? మడికయ్యలు నిండి గెనాల గట్లు తెగుతున్నా... "వచ్చే నీళ్లను వద్దనేది యాడన్నా ఉండాదా?" అనేవాడు.

ఆ సాయంత్రం డబ్బా ఎత్తుకుని నేరుగా చేనికే పోయాను.

"నాయనా, ఇది మన మన్నే. నీళ్లు నిలబెడితే ఇట్లయితాదంట. వచ్చే పంటకు జొన్న ఏద్దాం."

నాయన తెల్లటిది ఇంత గిల్లి నాలుక మీద వేసుకుని చూశాడు. తర్వాత నవ్వాడు. "పిచ్చి పాపా... డబ్బాకు అడుగున రేకుండాది. చేనికి రేకు యాడుండాది?"

మరునాడు సారునడిగి వచ్చి జవాబు చెప్పాల్సింది. అడగలేదు. ఎందుకు అడగలేదో కూడా చెప్తాను, దాచేదేముంది... ఆ పంట విరగపండింది. నాయన నాకు కొత్త సైకిల్ కొన్నాడు. సైకిల్ తొక్కే సంబరంలో నోరు మూసుకున్నాను, అంతే.

చౌడు ఒక్కసారిగా రాలేదు. మొదట పల్లపు మూలలో బండి నిలిపేంత జాగాలో నాట్లు పసుపుబారి మాడిపోయాయి. నాయన మందు తక్కువైందని యూరియా చల్లాడు. అయినా తిరుక్కోలేదు. ఉప్పయితే కడిగితే పోతుందని ఇంకా నీళ్లు కట్టాడు. పై చేల నీళ్లు కూడా మా పల్లానికే దిగేవి. మూల పెరిగి సగం చేనైంది, సగం చేను మొత్తమైంది... ఇప్పుడు ఆ ఐదెకరాల్లో సర్కారు తుమ్మ తప్ప ఏదీ మొలవదు.

మొన్నామధ్య కురుగోడులో పదో తరగతి చదివే మా అమ్మాయి బడిలో, పాడైన నేలను చూసి ప్రాజెక్టు రాయమన్నారు. ఇది చెయ్యెత్తి "మా తాతదే ఉండాది సార్" అందట. తిట్టాలో ఏం చేయాలో తెలియలేదు నాకు. పిల్లలందరినీ ఒక బస్సులో తీసుకొచ్చారు. వచ్చేది దేనికో నాయనకు తెలుసు. అయినా ఉతికిన చొక్కా వేసుకుని, మజ్జిగ చేయించి పెట్టి, పిల్లలకు గట్టు గట్టూ తిప్పి చూపించాడు.

ఒక పిల్ల పెన్ను పట్టుకుని అడిగింది. "తాతా, ఏం చేస్తే ఇట్లయింది?"

"ఏం చేస్తినంటే... బాగా చూసుకుంటి పాపా. కావాల్సినన్ని నీళ్లు కడ్తి."

అందరూ వంచిన తల ఎత్తకుండా రాసుకున్నారు. ఇంకొకతె "మళ్లీ బాగవుతాదా తాతా?" అంది. నాయన నా వైపు తిరిగాడు.

"అది మా పాపనడగండమ్మా. ఆయమ్మ ఇది అప్పుడే చదివింది. నేనే ఇన్లేదు."

పుస్తకంలో ఉన్నదే ఎట్లనో చెప్పాను. జిప్సం చల్లాలి, చేల మధ్య లోతుగా మురుగు కాలువ తవ్వాలి, పైనున్న వాళ్లంతా కలిసి వరి మానాలి... నేను చెప్తున్నప్పుడే పై చేలో ట్రాక్టర్ వరికి దమ్ము చేస్తోంది. పిల్లలతో పాటు నాయన కూడా చేతులు కట్టుకుని, ఒక్క ముక్క వదలకుండా విన్నాడు.

బస్సు వెళ్లిపోయాక మెల్లగా అడిగాడు. "అయితే ఇప్పుడు చేద్దామా పాపా?"

మనమొక్కరం చేస్తే లాభం లేదని ఆయనకు ఇప్పటికీ చెప్పలేదు.

మా రోజుల్లో బడిలో నేర్చుకున్నది ఇంట్లో చెప్తే నవ్వేవాళ్లు... ఇప్పుడు నవ్వడం లేదు, కూర్చోబెట్టుకుని వింటున్నారు. విన్నా చేసేదేమీ లేదు. మీరు కూడా చిన్నప్పుడు ఇంట్లో ఏదైనా చెప్పబోయి, పెద్దవాళ్లు నవ్వితే ఊరుకున్నారా? ఉంటే కింద రాయండి... నేనొక్కదాన్నే కాదని తెలిస్తే చాలు.