పన్నెండంకెల ఆవు

ధర్మపురి దగ్గర వెల్లిచందై అనే ఊళ్లో మా మేనమామకు నాలుగు ఆవులు. మూడు ఆయనవి, ఒకటి అత్తది. తల్లి చచ్చిపోతే సీసాతో పాలు పట్టి అత్త పెంచుకున్న ఎర్రావు అది. ఒకరోజు పశువుల ఆసుపత్రి వాళ్లు వచ్చి అన్నిటి చెవులకూ పసుపుపచ్చ బిళ్లలు గుచ్చి పోయారు. బిళ్ల మీద పన్నెండంకెల సంఖ్య. పదివేల కోట్లకు పైమాటే. మా వంశంలో అంత పెద్ద సంఖ్యకు నోచుకున్నవి ఆ ఆవులేననుకున్నాను.

మా వైపు బండి కొన్నా, ఫోను కొన్నా ముందు నంబరులోని అంకెలన్నీ కూడి చూస్తారు. చివరికి ఎనిమిది తేలితే శని. మామ ఎర్రావు బిళ్లను కూడాడు. యాభై మూడు వచ్చింది. ఐదూ మూడూ ఎనిమిది. అదే వారం బావి మోటారు కాలిపోయింది. ఇంకేముంది, ఆవును సంతకు తోలాల్సిందేనన్నాడు. అత్త పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చి, ధర్మపురిలో లెక్కల ట్యూషన్ చెప్పుకునే నాకు కబురు పెట్టింది.

నోటు పుస్తకంతో సహా వెళ్లాను. అంకెలు కూడడమంటే తొమ్మిదితో భాగించి శేషం చూడడమేననీ, వరుసగా ఏ తొమ్మిది సంఖ్యలు తీసుకున్నా ఒకదానికి ఎనిమిది రాక తప్పదనీ వివరించాను.

మామ శ్రద్ధగా విన్నాడు. "అంటే తొమ్మిదిండ్లకు ఒక సని. అది మా ఇంటికే వచ్చిండాదని నువ్వే చెప్తా ఉండావు కదా, అల్లుడా."

నాకు రోషం వచ్చింది. ఇది ప్రధాన సంఖ్య, ఒకటీ తానూ తప్ప ఇంకేదీ దీన్ని భాగించలేదు, ఇంత శుద్ధమైన సంఖ్య జిల్లాలో ఇంకో ఆవుకు లేదు అని నిరూపించి పడేద్దామనుకున్నాను. బేసి సంఖ్యే. మూడుతో పోలేదు, ఐదుతో పోలేదు. ఏడుకూ పదకొండుకూ లొంగలేదు. పదమూడు దగ్గర శేషం సున్నా వచ్చింది. నోరు మూసుకుని ఉండాల్సింది. చెప్పేశాను.

"పదమూడా! ఒకటీ మూడూ నాలుగు. రాహువు గూడా ఉండాడు దీంట్లో!" అని మామ లేచి పోయి ఆవు తాడు విప్పాడు. నా డిగ్రీ ఆవుకు ఇంకో గ్రహాన్ని అంటగట్టింది. నిజంగా సిగ్గేసింది.

అప్పుడు అత్త లోపలినుంచి వచ్చింది. ఆమెకు ఏ అక్షరమూ రాదు, కూడిక మాత్రం వచ్చు. ఒక చేతిలో మామ ఆధార్ కార్డు, ఇంకో చేతిలో చింతగింజల చేట. కార్డు మీదా పన్నెండంకెలే.

"ఇది చదువప్పా," అంది.

నేను ఒక్కో అంకే చదువుతుంటే ఆమె అన్నేసి గింజలు పక్కకు తీసింది. అన్నీ కలిపి లెక్కబెడితే నలభై నాలుగు. నాలుగూ నాలుగూ ఎనిమిది.

"ముప్పై ఏండ్లుగా ఈ ఎనిమిదికి సంకటి కెలికి పెడతా ఉండాను. పూటకొక చెంబు పాలన్నా ఇచ్చినోడు కాదు. ముందు దేన్ని సంతకు తోలేది, నువ్వే చెప్పు."

మామ చేతిలో తాడు అలాగే ఉంది. ఆవు ఆయన భుజం నాకుతోంది.

"ఈ వారం సంతలో రేటు లేదంట," అని గొణిగి, దాన్ని మళ్లీ గూటానికి కట్టేశాడు.