కాగితం మీద వినపడనిది

మా ఆయన పోయిన ఎనిమిదో నెలలో వేల్పూర్ నుంచి ఒకాయన ట్రాలీ ఆటోలో రెండు పెద్ద స్పీకర్లు వేసుకుని మా షాపుకు వచ్చాడు.

ఆర్మూర్ మార్కెట్ యార్డుకు పోయే రోడ్డులో మాది స్పీకర్లు బాగుచేసే షాపు. పెళ్లయిన కొత్తలో నేను అత్తమ్మతో కలిసి బీడీలు చుట్టేదాన్ని. నా వేళ్లు చూసి మా ఆయనే పనిలోకి తీసుకున్నాడు. పదహారేళ్లు ఆయన పక్కన కూర్చుని కాయిళ్లు చుట్టాను, చిరిగిన కోన్లు తీసి కొత్తవి అతికించాను. ఆయన పోయాక పన్నెండో రోజున షట్టర్ ఎత్తాను. ధైర్యం గలదని అందరూ అన్నారు. ధైర్యం కాదు. ఇంట్లో కూర్చున్నా షాపులో కూర్చున్నా నాకు ఒకేలా ఉండేది. షాపులో అయితే చేతులకు పని ఉంటుంది, అంతే.

వచ్చినాయనకు యాభై దాటి ఉంటాయి. దుబాయిలో ఒక పెద్దింట్లో చాలా ఏళ్లు పనిచేశాడట. యజమానిని అర్బాబు అంటున్నాడు.

"మా అర్బాబు ఇల్లు ఖాళీ చేసి పోంగ నాకిచ్చిండు చెల్లె. కార్గోల ఏసిన. ఎడమ దాంట్ల ఏదో గుచ్చుకున్నది."

ముందు జాలీ తీసి చూశాను. కింద పెద్ద కాగితం కోన్, పైన లోహంతో చేసిన చిన్న బుడిపె, రెంటికీ మధ్య అరచేయంత పసుపుపచ్చని కోన్. గొంతు పలికేది ఆ మధ్యదే. ఎడమ పెట్టెలో అది అంచు నుంచి నడిమి దాకా చిరిగింది.

"దీనికి పసుపు పూసిండ్రా ఏంది?" అన్నాడు ఆటో అతను.

"రంగు కాదు, దారం అది," అన్నాడు వేల్పూర్ ఆయన. "తుపాకి గుండ్లు తాకకుంట ఏసుకునే జాకెట్లు ఉంటయి గద, గా దారంతోని నేసిండ్రు."

అలాంటివి ఉంటాయని మా ఆయన చెప్పగా విన్నానే కానీ చూడటం అదే మొదలు. మా దగ్గరికి వచ్చేవి ఫంక్షన్ హాళ్ల పెట్టెలు, ఆటోల స్పీకర్లు. అన్నీ కాగితం, లేకపోతే ప్లాస్టిక్. మేం వాడే మామూలు కాగితం కొంచెం తానూ వంగుతుంది, చిన్న చిన్న చప్పుళ్లను మింగేస్తుంది. అందుకే దాని మీద గొంతు మెత్తగా, పక్కింటి మనిషి పిలిచినట్టు ఉంటుంది. వానాకాలం చెమ్మ పట్టి ఇంకా మొద్దుబారుతుంది. లోహం బిగువుగా ఉంటుంది, దేన్నీ వదలదు. కానీ స్టీలు గ్లాసును గోటితో కొట్టినట్టు తన మోత ఒకటి కలుపుతుంది. నేసిన దారం బిగువుగానూ ఉంటుంది, ఆ మోతనూ నేతలోనే అణిచేస్తుంది. ఇవన్నీ మా ఆయన మాటలు. నేను చెవితో తెలుసుకున్నవి కావు.

హైదరాబాద్‌కు రెండు చోట్లకు ఫోన్ చేశాను. ఆ కోన్ దొరకదన్నారు. కాగితందే వేస్తానంటే ఆయన కాసేపు ఆలోచించి సరేనన్నాడు. గమ్ము ఆరడానికి, కాయిల్ నడిమికి సరిచూడటానికి మూడు రోజులు పట్టింది.

నాలుగో రోజు పొద్దున ఆయన ఎదుటే రెండూ పెట్టి వినిపించాను. పాట పెడితే లోపాలు పాటలో కలిసిపోతాయని మా ఆయన తన గొంతే రికార్డు చేసి పెన్‌డ్రైవ్‌లో ఉంచాడు. పోవడానికి ఏడాది ముందు చేసింది. వరసగా ఊళ్ల పేర్లు చదువుతాడు. ఈ ఎనిమిది నెలల్లో బాగుచేసిన ప్రతి పెట్టెకూ నేను అదే పెట్టాను. ఆయన్ను ఎరిగినవాళ్లు అది విని తల పక్కకు తిప్పుకునేవాళ్లు. నాకేమీ అయ్యేది కాదు. గరగర ఉందా, పగులు ఉందా అని వినేదాన్ని.

ముందు ఎడమది. "ఆర్మూర్. వేల్పూర్. భీమ్‌గల్. మాక్లూర్." ఎప్పుడూ వినే గొంతే. శుభ్రంగా ఉంది.

తర్వాత కుడిది పెట్టాను. ప్రతి ఊరి పేరుకు ముందు ఊపిరి పీల్చుకున్న చిన్న చప్పుడు వినిపించింది. దాని చివర సన్నటి ఈల. భీమ్‌గల్ తర్వాత రెండుసార్లు పీల్చి గాని మాక్లూర్ అనలేకపోయాడు.

వేల్పూర్ ఆయన పెట్టె మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. "చెల్లె, గా మాట్లాడేదెవరు?"

"మా ఆయన."

"దమ్ము రోగం ఉండెనా ఆయనకు?"

"లేదన్నా."

"మా అర్బాబు తండ్రి గిట్లనే పీల్చేటోడు, రెండు మెట్లెక్కంగనే," అన్నాడు. నా ముఖం చూసి పెట్టె మీది చెయ్యి తీసేశాడు.

నేను వైర్లు అటుదిటు మార్చి మళ్లీ పెట్టాను. తప్పు ఆంప్లిఫయర్‌ది కావచ్చు గదా. కాదు. కాగితం మీద ఊపిరి లేదు, దారం మీద ఉంది. ఏడుపు వస్తుందేమోనని కొంచెం ఆగాను. రాలేదు.

"రెండు జత కలుస్తలేవన్నా," అన్నాను. "కుడి దాంట్ల గూడ కాగితం ఏస్తే ఒక్క తీరుగుంటయి."

"మంచిగున్నదాన్ని ఎందుకు ఇప్పుడు చెల్లె? గట్లనే ఉండనీ. నేను కుడి దిక్కు కూసుంట," అన్నాడాయన. ఇద్దరం పట్టి పెట్టెలను ఆటోలో పెట్టాం.

సాయంత్రం ఇంటికి పోయేసరికి అత్తమ్మ అరుగు మీద బీడీల చేట ఒళ్లో పెట్టుకుని ఉంది. పక్కన కూర్చుని అడిగాను.

"అత్తమ్మా, ఆయనకు దమ్మొస్తుండెనా?"

ఆమె చేతులు ఆగలేదు. "పోకముందు ఏడాది సంది. నీకు చెప్పద్దన్నడు. చెప్తే దవాఖానకు గుంజుకపోతవు, షాపు బందయితదన్నడు."

"నువ్వన్న చెప్పకపోతివి."

"దుమ్ముకనుకున్న బిడ్డా. పసుపు సీజన్ల ఊరందరికి దగ్గే గద." ఇంకో ఆకు చేతిలోకి తీసుకుంటూ అడిగింది. "నీకెట్ల ఎరుకయింది?"

"స్పీకర్ల ఇనవడ్డది."

అప్పుడు ఆమె చేతులు ఆగాయి. నాకు కోపం రావాలి. ఆమె మీదో, ఆయన మీదో, పదహారేళ్లు చప్పుళ్లు వింటూ బతికి ఒక్క ఊపిరి వినని నా మీదో. ఏదీ రాలేదు. లేచి పోయి బియ్యం కడిగాను.

అన్నం తినేటప్పుడు ఆమె ముద్దకూ ముద్దకూ మధ్య ఆగుతోంది. తినడం ఆపి విన్నాను. ఆమె ఛాతీలోనూ సన్నగా ఈల ఉంది. ఎన్నాళ్ల నుంచి ఉందో తెలియదు.

సోమవారం షాపు మూసి, ఆమె వద్దంటున్నా నిజామాబాద్ బస్సెక్కించాను. ఉన్నట్టుండి కూలబడితే దవాఖానకు తీసుకుపోతుండగా మా ఆయన ప్రాణం పోయింది ఈ రోడ్డు మీదే, మాక్లూర్ దాటాక, పట్టపగలు, ఆటోలో నా భుజం మీద. ఆ చోటు వచ్చినప్పుడు నేను కిటికీలోంచి చూశాను. పొలాలున్నాయి, ఒక ట్రాక్టర్ ఉంది. అత్తమ్మ నా మణికట్టు పట్టుకుంది. నేను వదిలించుకోలేదు, ఆమె చెయ్యి గట్టిగా పట్టుకోనూ లేదు.

డాక్టర్ పరీక్షలు చేసి, పొగాకు దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోయిందని చెప్పి పీల్చే మందు రాసిచ్చాడు. దాన్ని ఎలా పీల్చాలో నర్సు రెండుసార్లు చూపించింది. అత్తమ్మకు మూడోసారికి వచ్చింది.

బయటికి వచ్చాక, "చాయ తాగుదాం బిడ్డా," అంది. తాగాం.