పాత బండికి సెల్ఫ్ స్టార్టు

పక్షవాతం వచ్చి తగ్గాక మా ఆయనకి కుడిచెయ్యి తిరిగి వచ్చింది గానీ కుడికాలు రాలేదు. పాదం ఈడ్చుకుంటూ నడుస్తాడు. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి, ఝపటాపూర్‌ పేటలో మా ఇంటి వరండా దాటడం మానేశాడు. టోటో రిక్షా పిలిస్తే ఎక్కడు. ఎవరి బండి వెనకా కూర్చోడు. "నానెల్తే నా బండి మీదే ఎల్తాను. లేపోతే ఎల్లను," అనేశాడు. ఆ మొండితనానికి నాకు ఒళ్ళు మండేది. కానీ ఆ మాట పట్టుకునే బతుకుతున్నాడని తెలిసి నోరు మూసుకున్నాను.

ఆ మోటారు సైకిలు మా పెళ్ళైన కొత్తలో కొన్నది. కిక్కు కొడితే గానీ లేవదు. కిక్కు కుడికాలితోనే కొట్టాలి.

వర్క్‌షాపులో ఆయనతో కలిసి చేసిన స్నేహితుడు ఒకాయన ఉన్నాడు. అతనిదీ అదే పాత రకం బండి. ఓ రోజు వచ్చి, "బావా, ఇదే ఇంజన్ని తర్వాత సెల్ఫుతో దింపినారు. ఆ సామాను దొరికితే నీ బండికీ ఎక్కించీగలం," అన్నాడు. ఆ సాయంత్రం మా ఆయన చాన్నాళ్ళకి గడ్డం గీసుకున్నాడు.

వెతగ్గా వెతగ్గా స్నేహితుడికి పాత సామాన్ల కొట్లో ఆ కొత్తరకం బండి ఒకటి కనబడింది. స్టార్టరు మోటారు, దాని పళ్ళచక్రాలు, ఇంజను ఎడమవైపు మూసే కేసు విప్పించి తెచ్చాడు. గేరు కూడా ఎడమకాలికి మార్చే సామానుంది, పట్టుకెళ్ళమన్నాడట కొట్టు నడిపే బెంగాలీ దాదా. అది చెప్పి ఇద్దరూ పడీ పడీ నవ్వారు. "ఎడంకాలి గేరు నిన్న మొన్న నేర్సుకున్న కుర్రోళ్ళకి. మనకేటి కర్మ?" అన్నాడు మా ఆయన. నేనూ నవ్వాను.

కొత్త కేసు పాత ఇంజనుకి సరిగ్గా కూర్చోలేదు. బజారు మెకానిక్ అయితే నాలుగు దెబ్బలేసి బిగించేసేవాడు. వీళ్ళకి అలా మనసొప్పదు. అంచుకి నీలంరంగు పూయడం, ఆనించి చూడడం, ఎత్తుగా ఉండి రంగు అంటుకున్న చోట ఆకురాయితో గీకడం, మళ్ళీ పూయడం. ఇంటినిండా నీలం వేలిముద్రలే. తలుపు మీద, టీ గ్లాసుల మీద, ఆఖరికి ఉప్పు డబ్బా మీద కూడా. నోటికొచ్చినట్టు తిట్టాను, కానీ వాటిని తుడవబుద్ధి కాలేదు. వెంట్రుక పట్టేంత సందు లేకుండా కూర్చోబెట్టారు ఆ కేసుని.

బండి తీసే రోజు పొద్దున్నే మంచి చీర కట్టుకున్నాను. మేం చాలా ఏళ్ళు రైల్వే క్వార్టర్లో ఉన్న ట్రాఫిక్ కాలనీ దాకా వెళ్ళి రావాలని అనుకున్నాం. స్నేహితుడు పట్టుకుంటే ఆయన ఎక్కి కూర్చున్నాడు. వెనక నేను. బటన్ నొక్కగానే ఇంజను అందుకుంది. స్నేహితుడు చప్పట్లు కొట్టాడు. నాకు ఏడుపొచ్చేసింది.

ఆయన క్లచ్ పట్టాడు. బండి కదల్లేదు.

ఏమైందా అని వంగి చూశాను. ఆ పాత బండికి గేరు కుడివైపు. మొదటి గేరు పడాలంటే కాలివేళ్ళతో పైకెత్తాలి. ఆయన పాదం గేరు కింద ఉంది. లేవడం లేదు. ఇద్దరూ ఫిట్టర్లే, జన్మంతా ఆ గేరే వేసినవాళ్ళు. కాలు దానంతటదే వేసేది గనక ఒక్కరికీ గుర్తు రాలేదు. కిక్కు ఒక్కటే అడ్డమనుకున్నాం ముగ్గురం.

స్నేహితుడు గేరు దగ్గర గొంతుక్కూర్చున్నాడు. "కిందకి తొక్కు బావా. సెకండ్‌లో ఎల్పోద్ది," అన్నాడు.

"మరి గేరు దింపాలంటే మల్లీ ఎత్తాల గదా?" అన్నాడు మా ఆయన. "ఆ కొట్లో ఎడంకాలి సామాను..." అని స్నేహితుడు మొదలెడితే తల అడ్డంగా ఊపాడు. "ఎడంకాలికి గేరు నేర్పలేన్రా ఇంక," అన్నాడు.

నా చెయ్యి ఆయన భుజం మీదుంది. భుజం వణుకుతోంది. ఇంజను ఆడుతున్నందుకేమో అనుకున్నాను.

ఆయన ఇంజను ఆపేశాడు. భుజం ఇంకా వణుకుతూనే ఉంది.