మా అన్న బిడ్డ నడక

ఈ మధ్య మా అపార్ట్‌మెంటు కింది అంతస్తులోకి ఒక కొత్త కుటుంబం దిగింది. నాగారంలో కొత్తవాళ్లు దిగడం వింతేమీ కాదు, నెలకొక సామాను లారీ వస్తూనే ఉంటుంది. వాళ్ల పాపకు మూడేళ్లుంటాయి. లిఫ్టు ముందున్న ఖాళీ జాగాలో ఆ గోడ నుంచి ఈ గోడకు మునివేళ్ల మీద తిరుగుతోంది. మడమలు నేలకు తగలడం లేదు. నేను చూస్తున్నానని తల్లి గమనించి, ఎవరో ఏదో అనకముందే తానే చెప్పేద్దామన్నట్టు, "ఆంటీ, మా పాపకు ఆటిజం. గందుకే గట్ల నడుస్తది. డాక్టరుకు సూపెట్టినం, వారానికి మూడు రోజులు థెరపీకి పోతున్నం," అంది. ఫోనులో వ్యాయామాల వీడియోలు కూడా చూపించింది. మంచిదమ్మా అని పైకి వచ్చేశాను. ఆ అమ్మాయికి పాతికేళ్లు దాటి ఉండవు. ఆమె అంత తేలిగ్గా పలికిన ఆ ఒక్క ముక్క తెలుసుకోవడానికి మా ఇంట్లో ఆరేళ్లు పట్టింది.

అప్పుడు మా ఇల్లు శామీర్‌పేటలో, కరీంనగర్ రోడ్డుకు రెండు గల్లీల లోపల ఉండేది. బాపుకు పొలం ఉండేది గానీ ఆయన అసలు పని పంచాయితీలు. ఊళ్లో ఎవరి గోడ ఎవరి జాగాలోకి జరిగినా మా వాకిట్లోనే తేలాలి. ఇంటి వ్యవహారమంతా అమ్మది, అందులో బాపు మాట చెల్లేది కాదు. అన్న మేడ్చల్ దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో షిఫ్టుల పని చేసేవాడు. వదినది గౌడవెల్లి. తక్కువ మాట్లాడే మనిషి, బాపు ముందు అసలే మాట్లాడేది కాదు. తొంభై అయిదులో ఆ ఇద్దరికీ బిడ్డ పుట్టినప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. చంటిపిల్లను ఎత్తుకుని తిప్పే పని సహజంగానే నాకు పడింది. దానివల్లే ఇంటర్‌లో మార్కులు తగ్గాయని చాలాకాలం చెప్పుకున్నాను. అది పూర్తిగా నిజం కాదు.

పాప పదమూడో నెలలో నడిచింది. మొదటి అడుగే మునివేళ్ల మీద. మేమంతా చప్పట్లు కొట్టాం. బాపు అయితే వాకిట్లో పంచాయితీకి వచ్చిన నలుగురినీ లోపలికి పిలిచి మరీ చూపించాడు. "సూడుండ్రి, నా మనుమరాలు నేల మీద కాలు మోపుతనే లేదు. రాణి లెక్క నడుస్తాంది," అన్నాడు. వచ్చినవాళ్లు తమ గోడ సంగతి తేలాలి కాబట్టి అవునవునన్నారు. అమ్మ మేడ్చల్ అంగడి వీధికి పోయి మువ్వల పట్టీలు తెచ్చింది. వేరే పిల్లల పట్టీలు ఘల్లుమంటే మా పాపవి సన్నగా, ఎక్కడో దూరంగా మోగినట్టు మోగేవి. అది కూడా మాకు ముద్దుగానే ఉండేది.

రెండేళ్లు నిండినా మాట రాలేదు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూసేది కాదు, కానీ దూరాన బస్సు బ్రేకు కీచుమంటే చెవులు మూసుకునేది. బియ్యం డబ్బా మూత దొరికితే దాన్ని బండల మీద గిర్రున తిప్పుతూ గంటసేపు కూర్చునేది. ఇవన్నీ మేము చూశాం, చూసి వేటికవి విడిగా పెట్టుకున్నాం. మాట ఆలస్యమంటే వదిన వాళ్ల నాన్నకూ ఆలస్యంగానే వచ్చిందన్నారు. మూత తిప్పడం ఆట అన్నారు. నడక ఒక్కటే అందరికీ కనబడేది కాబట్టి మా పరేషాన్ అంతా దాని చుట్టే తిరిగింది. బాపు నోట రాణి మాట క్రమంగా ఆగిపోయింది. "మీ ఇంట్ల ఎవరన్న గిట్ల నడిసిండ్రా?" అని అమ్మ వదినను ఒకసారి కాదు, చాలాసార్లు అడిగింది. వదిన ప్రతిసారీ లేదత్తా అని, చేతిలో ఉన్న పని చేసుకుంటూ పోయేది. పొద్దున ఆముదం కాచి మడమలకు రాసేది, చెప్పులు వేసేది. కొన్న నెలకే ఆ చెప్పులు ముందువైపు అరిగిపోయి, వెనకవైపు కొత్తవిలాగే మెరిసేవి.

నా తప్పు కూడా ఒకటి చెప్పాలి. పాపకు నాలుగేళ్లప్పుడు ఒక సాయంత్రం నేనే సరిచేస్తాననుకుని, దాన్ని నిలబెట్టి భుజాల మీద రెండు చేతులు వేసి గట్టిగా కిందికి నొక్కాను. మడమలు నేలకు ఆనాయి. పాప ఒక్క క్షణం బిగుసుకుపోయి, తర్వాత నా మణికట్టు కొరికింది. రక్తం వచ్చింది. నేను దాని వీపు మీద ఒకటి వేశాను. అది ఏడవలేదు, బియ్యం డబ్బా మూత వెతుక్కుంటూ పోయింది.

ఆ ఏడే సికింద్రాబాదులో ఎముకల డాక్టరుకు చూపించారు. మడమ వెనక నరం బిగుసుకుందని ఆయన రెండు కాళ్లకూ పిండికట్లు వేశాడు. ఆరు వారాలు. ఆ ఆరు వారాలూ ఇంట్లో ఎవరం సరిగ్గా అన్నం తినలేదు. పాప కట్లను నేలకేసి కొట్టుకునేది, ఆ చప్పుడు వీధిలోకి వినబడేది. కట్లు విప్పాక పది రోజులు మడమలు ఆనించి నడిచింది. అన్న ఫ్యాక్టరీలో మిఠాయి పంచాడు. పదకొండో రోజు మళ్లీ మునివేళ్ల మీదికి లేచింది. బడి వయసు వచ్చేసరికి డాక్టరు ఇక ఆపరేషన్ చేసి నరం పొడవు చేయాలన్నాడు. దసరా సెలవుల తర్వాత అని రోజు కూడా చెప్పాడు. ఈలోగా ఊళ్లోని కాన్వెంటు బడివాళ్లు, నడక సరయ్యాక తీసుకురండి చూద్దాం అన్నారు. దాంతో అన్నకు ఆపరేషన్ మీద పూర్తి నమ్మకం కుదిరింది.

అప్పటికి నేను బీఈడీ చేసి, టీచరు పోస్టుల పరీక్ష ఒకసారి తప్పి ఇంట్లో ఉన్నాను. సంబంధాలు చూస్తున్నారు. ఒక ఆదివారం పెళ్లిచూపులకు వస్తున్నారంటే అమ్మ నన్ను పక్కకు పిలిచి, "పిల్లను ఎనకర్రల ఉంచు బిడ్డా. ఆళ్లకు అన్ని జెప్పుకుంట గూసుంటమా?" అంది. నేను ఎందుకని అడగలేదు. పాపను వెనక గదిలోకి తీసుకుపోయి, మూత చేతికిచ్చి, బయట నుంచి గొళ్లెం పెట్టింది నేనే. చీర కట్టుకుని వచ్చి చాప మీద కూర్చున్నాను. పావుగంట తర్వాత లోపల నుంచి తలుపును తలతో కొడుతున్న చప్పుడు మొదలైంది. పెళ్లికొడుకు తల్లి "ఏంది గా సప్పుడు?" అంది. అమ్మ తడుముకోకుండా "పక్కింటోళ్ల పిల్ల," అంది. అప్పుడే వదిన చాయ్ కప్పుల పళ్లెం పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. ఆమె విన్నదని నాకు తెలుసు. నేను విన్నానని ఆమెకూ తెలుసు. కప్పులు ఒక్కొక్కటే అందరికీ ఇచ్చి, ఒలక్కుండా ఇచ్చి, వెనక్కి వెళ్లింది. నాలుగు రోజులకు వాళ్ల దగ్గర నుంచి కబురొచ్చింది, నేను పొట్టిగా ఉన్నానని. అంటే ఆ అబద్ధం వల్ల ఎవరికీ ఏమీ ఒరగలేదు.

ఆపరేషన్‌కు ముందు కాలు కొలతలు తీసుకోవాలని డాక్టరు మమ్మల్ని ఫిజియోథెరపీ చేసే ఒక మేడమ్ దగ్గరికి పంపాడు. అన్న, వదిన, నేను పాపతో వెళ్లాం. ఆమె నడివయసు మనిషి, కళ్లద్దాలు ముక్కు మీదికి జారుతుంటే తోసుకుంటూ పాప పాదాన్ని నెమ్మదిగా పైకి వంచి చూసింది. ఇంకా వంగుతోందే అంది. తర్వాత కాలు వదిలేసి, పాపనే చూస్తూ కూర్చుంది. పాప అక్కడి కుర్చీ చక్రాన్ని తిప్పుతోంది. "పేరు పెట్టి పిలవండి," అంది మేడమ్. వదిన పిలిచింది. అన్న పిలిచాడు. పాప తిరగలేదు. చెవులు మూసుకుంటుందా, ఏ వస్తువులతో ఆడుతుంది, ఏం తింటుంది అని ఒక్కొక్కటే అడిగింది. మేము ఇన్నేళ్లూ విడివిడిగా పెట్టుకున్నవన్నీ ఆమె ఒక్క చోట చేర్చి, వాటికి ఆటిజం అని పేరు చెప్పింది. పిల్లల మానసిక వైద్యుడి దగ్గరికి చీటీ రాసిచ్చింది. కొన్నాళ్లకు ఆయన కూడా అదే చెప్పాడు. ఆరోజు మేడమ్ మాత్రం అక్కడితో ఆపలేదు. "ఆపరేషన్ చేస్తే మడమ దిగొచ్చు. కానీ ఈ పాప అలా నడిచేది నరం వల్లే కాదు. నేల తగిలితే తనకు ఎలా ఉంటుందో మనకు తెలీదు కదా. అలా నడిచీ నడిచీ నరం బిగుసుకుంటోంది. రోజూ కాలు సాగదీయండి, ఎత్తు ఎక్కించండి. ఏడాది చూసి అప్పుడు ఆలోచిద్దాం," అంది. అన్న దీనికి మందేంది మేడమ్ అని అడిగాడు. మందు లేదు, నేర్పడం ఉంది అంది ఆమె.

అన్నకు ఆ జవాబు నచ్చలేదు. ఇంటికి రాగానే, "పేరు దెలిస్తే ఏం ఫాయిదా? మందు లేదంట. ఆపరేషనే జేపిద్దం," అన్నాడు. బాపు కూడా చేతనైంది చేయాలి కదా అన్నాడు. ఆయన అరుగు మీద మాట ముగిస్తే ఎవరూ తిరిగి ఎత్తరు. ఆరోజు వదిన గుమ్మం దాటి వాకిట్లోకి వచ్చి, కొంగు సర్దుకుని, ఆయన ఎదుట నిలబడింది. "కాలు కోస్తే మాటొస్తదా మామా?" అంది.

బాపు పంచాయితీల్లో ఎన్నో ప్రశ్నలు విన్నాడు గానీ కోడలి నోట ప్రశ్న వినడం అదే మొదలు. "పిండికట్లు ఏసినప్పుడు నేనేమన్లే. పది దినాలకు సంబురపడ్డం. మల్ల దాన్ని గట్ల ఏడిపియ్య నేను. ఒక్క ఏడాది నాకియ్యుండ్రి," అంది వదిన. ఎవరూ ఏమీ అనకముందే, "చెరువు కట్ట మీదికి నేను దీస్కపోత," అని నేను అన్నాను. ఎందుకన్నానో వదినకు ఒక్కదానికే అర్థమై ఉంటుంది.

అలా ఏడాది పాటు పొద్దున్నే శామీర్‌పేట చెరువు కట్ట ఎక్కాం, నేనూ పాపా, వంట తెమిలిన రోజుల్లో వదినా. ఊరివైపు నుంచి కట్ట మీదికి ఏటవాలు మట్టిదారి ఉండేది. పైకి ఎక్కేటప్పుడు పాప మడమ దానంతటదే కొంచెం కిందికి వాలేది. దిగేటప్పుడు మళ్లీ లేచేది. ఎక్కడం, దిగడం, మళ్లీ ఎక్కడం. రోజుకు పది సార్లు. కట్ట మీద మక్కబుట్టలు కాల్చి అమ్మే అవ్వ మమ్మల్ని నెల రోజులు చూసి, నేను కానిస్టేబుల్ పరుగుకు తయారవుతున్నానని నిర్ణయించుకుంది. "గింత పొట్టిదాన్ని తీస్కుంటరా బిడ్డా?" అని జాలిపడింది. నా ఎత్తు గురించి ఊళ్లో అందరికీ ఒక అభిప్రాయం ఉండేది.

ఒకరోజు పైన కూర్చుని ఉండగా వదినతో ఆ ఆదివారం సంగతి ఎత్తాను. గొళ్లెం పెట్టింది నేనేనని చెప్పాను. "నాకెరికే," అంది వదిన. "నేను మాత్రం ఏం జేసిన? నా బిడ్డనే అని అన్లేదు గద. చాయ పట్టుకోని నిలవడ్డ," అంది. పాప నీళ్ల మీది ఎండను చూస్తోంది.

చలికాలం చివర్లో అనుకుంటా, పాప దిగువకు పోకుండా నా దగ్గరికి వచ్చి, నాకు వీపు చేసి, నా పాదాల మీద తన పాదాలు పెట్టి నిలబడింది. ముందు వేళ్లు, తర్వాత మడమలు. పూర్తి బరువు వేసింది. ఆరేళ్లు దాటిన పిల్ల బరువు పాదాల మీద పడితే నొప్పిగానే ఉంటుంది. నేను కదల్లేదు. ఎంతసేపు నిలబడిందో తెలీదు, అవ్వ రెండు మక్కబుట్టలు కాల్చి అమ్మేంతసేపు. ఆనాటి నుంచి రోజూ అలా ఒకసారి నిలబడేది.

ఏడాదికి మేడమ్ మళ్లీ కొలిచింది. నరం మునుపటి కన్నా బాగా సాగుతోందని, ఇప్పట్లో ఆపరేషన్ అవసరం లేదని చెప్పింది. అన్న బయటికి వచ్చాక పాపను స్కూటరు మీద ముందు నిలబెట్టుకుని ఇంటికి తెచ్చాడు. ఆ మర్నాటి నుంచి షిఫ్టు లేని పొద్దుల్లో కట్ట ఎక్కడం తన పని చేసుకున్నాడు. నేను రెండోసారి పరీక్ష రాసి పాసై కీసర వైపు ఒక బడిలో చేరాను. తర్వాత పెళ్లయి నాగారం వచ్చాను. నా భర్త తరఫువాళ్లు చూడడానికి వచ్చిన రోజు పాప ముందు గదిలోనే ఉంది. "మా మనుమరాలు. మాట్లాడదు, గట్లనే నడుస్తది," అని బాపు వాళ్లతో మొదటే చెప్పాడు. పంచాయితీ తీర్పు చెప్పినట్టే చెప్పాడు.

రెండువేల ఆరు ప్రాంతంలో అన్న పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టించాడు. ముందు భాగంలో మేస్త్రీ నాలుగు మెట్లు గీస్తే వాటిని కొట్టేయించి, వీధి నుంచి గడప దాకా పొడుగ్గా ఏటవాలు వేయించాడు. కారు కొంటున్నావా అని ఊళ్లో అందరూ అడిగారు. అవునన్నాడు. కారు ఇప్పటికీ లేదు.

పాపకు ఇప్పుడు ముప్పై దాటాయి. పాప అని పిలవడం మాత్రం మాకు తప్పడం లేదు. పది, పన్నెండు మాటలున్నాయి, వాటిలో మొదటిది ఎనిమిదో ఏట వచ్చింది. బట్టలు మడతపెట్టడంలో మా ఇంట్లో ఎవరూ ఆమెకు సాటి రారు. మామూలుగా మడమలు ఆనించే నడుస్తుంది, తొందరలో ఉన్నప్పుడూ సంతోషంగా ఉన్నప్పుడూ మునివేళ్ల మీదికి లేస్తుంది. ఇప్పుడు అది చూసి మేమెవరం కంగారుపడం. కట్ట మీద ఆ ఏడాదంతా నాకు రోజులు కదలనట్టే ఉండేది. నా ఈడు వాళ్లంతా ఉద్యోగాల్లో, కాపురాల్లో ముందుకు పోతుంటే నేనొక్కదాన్నే ఒకే ఏటవాలు ఎక్కుతూ దిగుతూ ఉండిపోయానని లోపల్లోపల ఏడ్చుకున్నాను. తర్వాత గడిచిన ఇరవై ఏళ్లలో ఏది ఏ సంవత్సరమో ఇప్పుడు నాకు సరిగా గుర్తులేదు గానీ, ఆ ఒక్క ఏడాది మాత్రం ప్రతి పొద్దుతో సహా ఇంకా నా దగ్గరే ఉంది.