బస్‌స్టాప్ మీద నక్షత్రం గుర్తు

కోవిడ్ మాస్కులు తీసేసిన మరుసటి జనవరిలో నన్ను కౌంటీ వారి యువజన భద్రతా సమాచార కమిటీకి డేటా ఆర్కిటెక్ట్‌గా వేశారు. కాలిఫోర్నియాలో, శాన్ రామన్‌లోని మా ఇంటి నుంచి రోజూ వెళ్ళిరాగలిగిన దూరమే. కౌంటీ పేరు మాత్రం చెప్పను. కుర్రవాళ్ళు తుపాకీ కాల్పులకు ఎక్కడ, ఏ వేళ గురవుతున్నారో ఒకే మ్యాప్‌లో చూపిస్తే, మరొకడికి తగలకముందే ఏదైనా చేయవచ్చన్నది ఆలోచన. ఆలోచన మంచిదే. ఆ తర్వాత లాయర్లు వచ్చారు.

సమాచారం కౌంటీ పోలీసులైన షెరీఫ్ ఆఫీసు, కౌంటీ ఆసుపత్రి, స్కూల్ డిస్ట్రిక్ట్‌ల దగ్గర మూడు ముక్కలుగా ఉండేది. ఎవరు ఎవరికి ఏమివ్వాలో, దాన్ని దేనికి వాడుకోవాలో రాసుకునే ఒప్పందాన్ని డేటా షేరింగ్ అగ్రిమెంట్ అంటారు. పేర్లు అక్కర్లేదు, స్థలమూ సమయమూ చాలని నేను మొదటి మీటింగ్‌లోనే చెప్పాను. నమూనాగా కొంత పంపమంటే, ఆసుపత్రి వాళ్ళు స్థలం లేకుండా సమయం పంపారు. షెరీఫ్ ఆఫీసు సమయం లేకుండా స్థలం పంపింది. స్కూల్ వాళ్ళు పీడీఎఫ్ పంపారు, పైనుంచి కిందిదాకా అక్షరాలు కనబడకుండా కొట్టేసిన నల్లగీతలే. ఎవరూ చట్టం తప్పలేదు. ప్రతి మీటింగ్ చివరా ఒకరికొకరు థాంక్స్ కూడా చెప్పుకునేవారు.

ఆ కమిటీలో జీతం లేని సభ్యురాలు ఒక్కరే, మిస్ వాండా. ఊరి తూర్పు కొసన పిల్లల కోసం రిక్రియేషన్ సెంటర్ నడిపేది. బాస్కెట్‌బాల్, హోంవర్క్ ముగించుకుని పిల్లలు బయటికొచ్చేసరికి చివరి బస్సు వెళ్ళిపోయేది. చీకట్లో సెంటర్ దగ్గరి బస్‌స్టాప్ దాటి, రెండు ముఠాలు మాదంటే మాదని కొట్టుకునే వీధిలో నడిచి ఇళ్ళకు చేరాలి. ఆ స్టాప్ దగ్గరే ఆమె పిల్లల్లో ఇద్దరికి తూటాలు తగిలాయి. ఒకడు కుంటుకుంటూ మళ్ళీ సెంటర్‌కి వచ్చాడు. రెండోవాడు రాలేదు. వేసవి సెలవుల్లో సెంటర్ ఇంకా ఆలస్యంగా మూస్తారు. వేసవి వచ్చేలోగా చివరి బస్సు కాస్త ఆలస్యంగా బయలుదేరేలా చేయించాలి, అంతే ఆమె కోరింది. బస్సుల సంస్థకు ఉత్తరం రాస్తే, ఆధారంగా డేటా పంపమని జవాబొచ్చింది. ఆ డేటా కోసమే ఆమె మా మీటింగులన్నీ ఓపిగ్గా భరించింది.

ఏప్రిల్ చివరికి సంతకాలు పూర్తయి మ్యాప్ తయారైంది. ఘటనలు ఎక్కువగా జరిగినచోట ఎర్ర చుక్క. వాండా చెప్పిన స్టాప్ మీద మాత్రం బూడిదరంగు నక్షత్రం గుర్తు. మా వృత్తిలో ఒక నియమం ఉంది: ఒకచోట ఘటనలు మరీ తక్కువైతే ఆ సంఖ్యను దాచేయాలి, లేకపోతే బాధితుడెవరో చుట్టుపక్కలవాళ్ళు ఇట్టే పట్టేస్తారు. నియమంలో తప్పులేదు. అదే ఆమెకు వివరించాను. ఆమె మ్యాప్ వైపోసారి, నా వైపోసారి చూసి, "అయితే నా పిల్లల్లో ఇంకా ఎంతమందికి తగిలితే మీ చుక్క ఎర్రబడుతుంది?" అని అడిగింది. గదిలో ఉన్న పెద్దలందరికీ ఒక్కసారిగా లాప్‌టాప్‌లో అర్జెంటు పని తగిలింది. నాకు పట్టరానంత కోపం వచ్చింది.

అసలు సంఖ్యలున్న మ్యాప్‌ని బస్సుల సంస్థకు పంపుదామన్నాను. వీలుకాదని కౌంటీ లాయర్ తేల్చేశాడు. ఆ సంస్థ అగ్రిమెంట్‌లో సంతకం చేసిన పక్షం కాదట. చేర్చాలంటే సవరణ రాసి, అందరిచేతా మళ్ళీ సంతకాలు పెట్టించాలి. దాన్ని వేసవి తర్వాత జరిగే మీటింగ్ అజెండాలో పెడతానన్నాడు. ఆ బస్సును అంగుళం కదిలించలేని ఆఫీసులన్నిటికీ మ్యాప్ చూసే హక్కు ఉంది. బస్సు నడిపే ఆఫీసుకు మాత్రం లేదు.

మా తెలుగు క్రైస్తవ సంఘం ఆదివారం మధ్యాహ్నాలు ఒక అమెరికన్ చర్చి హాల్ అద్దెకు తీసుకుని ఆరాధన జరుపుకుంటుంది. పాటలయ్యాక ప్రార్థన మనవులు ఉంటాయి. ఎవరో ఒకరు లేచి, "పేరు చెప్పను గానీ, మనలో ఒక సహోదరుడు" అని మొదలుపెడతారు. ఆ సహోదరుడు ఏ కంపెనీలో ఏ టీమో, వీసా ఎక్స్‌టెన్షన్ ఎక్కడ ఆగిందో, అత్తగారిది ఏ ఊరో అన్నీ చెప్పి, పేరొక్కటి దాస్తారు. జీవితమంతా డేటా కాపలా కాసిన నాకు ఒళ్ళు మండే పద్ధతి ఇది. ఆ ఆదివారం నేనే లేచాను.

మ్యాప్ ఊసెత్తలేదు, పిల్లల పేర్లూ ఎత్తలేదు. సెంటర్ మూసే వేళ దాని తలుపు మీదే రాసి ఉంది. చివరి బస్సు వేళ స్టాప్ స్తంభానికున్న బోర్డు మీద ఉంది. ఆ రెండు వేళలూ చదివి, ఆ తర్వాత చీకట్లో నడిచి వెళ్ళే పిల్లల క్షేమం కోసం ప్రార్థించమన్నాను. అందరూ ఆమెన్ అన్నారు.

భోజనాల్లో బిర్యానీ ట్రే దగ్గర యేసురత్నం గారు నా పక్కకు వచ్చారు. గుంటూరు వైపు మనిషి, సంఘ పెద్ద. బస్సుల సంస్థలో టైమ్‌టేబుళ్ళు వేసే సెక్షన్‌కి సూపర్‌వైజర్.

"ఏ స్టాపండీ డేవిడ్ గారూ అది?"

చెప్పాను.

"మా రూటే కదండీ. మాకెవరూ చెప్పలేదే."

"మీ ఆఫీస్‌కి లెటర్ రాశారండీ. డేటా పంపమని రిప్లై ఇచ్చారు."

"లీగల్ వాళ్ళకి వెళ్ళుంటది. నా టేబుల్ మీదకైతే రాలేదు. సమ్మర్ షెడ్యూల్ ఇంకా క్లోజ్ చెయ్యలేదులెండి. ఆ డోర్ మీద బోర్డు ఫోటో తీసి వాట్సాప్ చెయ్యండి. నేను కూడా ఒక సాయంత్రం డ్రైవ్ చేసుకుంటా వెళ్ళి చూసొస్తా."

వెళ్ళి చూసొచ్చారు. వేసవి టైమ్‌టేబుల్‌లో చివరి బస్సు సెంటర్ మూసిన తర్వాతే బయలుదేరింది. మార్పుకు కారణం అన్న గడిలో "ప్రయాణికుల సౌకర్యార్థం" అని ఉంది. మొదటి సాయంత్రం వాండా పిల్లలతో పాటు తానూ బస్సెక్కి నాకు ఫోన్ చేసింది. అందరూ కూర్చున్నారని మాత్రం చెప్పి పెట్టేసింది. ఉద్యోగంలో నాకు అంత సంతోషం కలిగిన రోజులు ఎక్కువ లేవు.

కమిటీ తన వార్షిక నివేదికలో ఆ బస్సును డేటా ఆధారిత విజయంగా రాసుకుంది. సభ్యులందరికీ తలా ఒక జ్ఞాపిక ఇచ్చారు. బస్సుల సంస్థను చేర్చే సవరణ నేను రిటైరయ్యే నాటికి కూడా చిత్తుప్రతిగానే ఉంది.

ఇందులో నేను నేర్చుకున్నది ఇంతే. అగ్రిమెంట్ మీద మొదట ఉండాల్సిన సంతకం డేటా ఉన్నవాళ్ళది కాదు, దాన్నిబట్టి పని చేయాల్సినవాళ్ళది. మ్యాప్ గీసేముందు తలుపు మీదా, స్తంభం మీదా ఉన్న బోర్డులు చదువుకోవాలి. మరుసటి ఏడాది మ్యాప్‌లోనూ ఆ స్టాప్ మీద నక్షత్రం గుర్తే ఉంది. మా నియమం సున్నాను కూడా దాచమంటుంది కాబట్టి, ఆ గుర్తు కింద ఏముందో చెప్పడానికి నాకు అనుమతి లేదు.