మాటకు మాట బేరం

మా పరిశోధన తరగతి మేడమ్ నేను రాసుకొచ్చిన ఇంటర్వ్యూ కాగితాలు తిరిగి ఇచ్చినప్పుడు పైన ఒకే ఒక్క వాక్యం రాసి ఉంది: "ఇది ఇంటర్వ్యూ కాదు, బేరం."

ఒళ్లు మండిపోయింది. ఆ కాగితాల కోసం సంత అంతా తిరిగి గొంతు పోగొట్టుకున్నాను. ఆ మాటే అంటే మేడమ్ నవ్వలేదు.

"గొంతు పోయిందంటేనే తెలుస్తోంది కదమ్మా, ఎవరు మాట్లాడారో. ఇదిగో చూడు. 'ధర ఎక్కువిస్తారనే కదా ఆ కొట్టుకి వెళ్తారు?' అని అడిగావు. ఆ రైతావిడ 'అవునమ్మా' అంది. 'తూకం బాగుంటుందని కూడా కదా?' అన్నావు. 'అదీనమ్మా' అంది. ఈ అవునులన్నీ నీవే. వాళ్లవి ఒక్కటీ లేదు."

నిజానికి నేను మాటల పద్ధతి ఎంచుకున్నదే కక్కుర్తితో. వ్యాపార శాస్త్రంలో పరిశోధనకు చేరితే రెండు దారులు చూపించారు. ఒకటి లెక్కలది. రెండోది మనుషులను కూర్చోబెట్టి మాట్లాడించే దారి, దానికి గుణాత్మక పద్ధతి అని బరువైన పేరు. లెక్కలు లేవు, మాటలేగా, చవగ్గా తేలిపోతుంది అనుకున్నాను. మాది చింతపల్లిలో కొట్టు. కిరాణా అమ్ముతాం, కొండ మీది మిరియాలు, పసుపు కొంటాం. నాకు నడక కంటే ముందు బేరం వచ్చిందని మా అమ్మ అంటుంది. అటువంటిదాన్ని చవక చూసి మోసపోయాను.

మోసం ఎక్కడంటే, కొట్లో పుట్టినవాళ్లం ప్రశ్న అడగం. జవాబు అడుగుతాం. 'ఈ రేటుకి ఇచ్చేస్తావు కదా' అన్నది మాకు ప్రశ్న కిందే లెక్క. ఎదుటివాడు నోరు తెరిచేలోగా వాడి మాట మనమే చెప్పేసి, మూట కట్టేసి, చేతిలో పెట్టేయాలి. మేడమ్ నేర్పేది సరిగ్గా దీనికి అడ్డం. జవాబు లోపల పెట్టకుండా ప్రశ్న అడగాలట. అడిగాక నోరు మూసుకోవాలట. రెండోది మరీ అన్యాయం.

"ఒక్క ఇంటర్వ్యూ సరిగ్గా చేసుకురా," అంది మేడమ్. "అదీ ఇలాగే ఉంటే ఈ పేపరు పాస్ చెయ్యను."

పేపరు పోతే ఏడాది పోతుంది. ఏడాది పోతే నేను గల్లా దగ్గర కూర్చోవాలి. నాన్న నన్ను చదువుకు పంపినప్పుడు కుదిరిన బేరం అది. ఆ షరతు ఒప్పుకున్నది నేనే, అదేదో గెలిచినట్టు.

మరుసటి సంతకి ఘాటీ ఎక్కి ఇంటికి వచ్చాను. మిరియాల కాలం, పొద్దెక్కినా చలి విడవలేదు. మా కొట్టుకి ఎదురుగా ఒకావిడ మిరియాల మూట ముందేసుకుని కూర్చుంది. ఇదివరకు మాకే అమ్మేది, ఈమధ్య సందు చివరి కొట్టుకి అమ్ముతోంది. నా పరిశోధన అంతా అదే కదా, కొండ రైతులు సరుకు ఎవరికి అమ్మాలో ఎలా తేల్చుకుంటారని. వెళ్లి పక్కన కూర్చున్నాను.

"సావుకారి గుంటవి కదా? ఏటిలాగొచ్చినావు?"

"చదువు పని అప్పా," అన్నాను. మా వైపు అక్కని అలాగే పిలుస్తాం. "నీతో కొంచెం మాట్లాడాలి. ముందు ఈ కాగితం మీద వేలిముద్ర వెయ్యి," అని సమ్మతి పత్రం, సిరా డబ్బా తీశాను. మనిషిని అడగబోయే ముందు ఒప్పుదల తీసుకోవాలని తరగతిలో మొదటి పాఠం. ఇదొక్కటైనా తప్పు లేకుండా చేస్తున్నానని కొంచెం గర్వంగా కూడా ఉంది.

ఆవిడ రెండు చేతులూ చెంగు కింద దాచేసుకుంది.

"ఏటి కొంతన్నావు?"

"ఏమీ కొనటం లేదు."

"కొననోలికి కాయితమెందుకే? మీ కొట్లో మిరియాలు కొన్నప్పుడు ఎప్పుడైనా కాయితం అడిగినారేటి? సావుకారోలు కాయితం తెచ్చినారంటే అది కొనడానికి కాదు. మా తాత ఏలు ఎట్టినాడు. కింద మా మెరక బూమి ఇప్పుడు ఎవులు దున్నుతన్నారో ఎల్లి సూడు."

అక్కడ నా నోరు మొదటిసారి దానంతటదే మూతపడింది. కొండమీద కొట్టువాళ్ల పిల్ల, చేతిలో కాగితం, సిరా డబ్బా. ఇంకెవరు తెచ్చినా అది ఒట్టి కాగితమే. నేను తెస్తే కాదు. ఈ సంగతి ఏ పాఠంలోనూ లేదు, ఉన్నా నేను వినలేదు. సిగ్నలు దొరికే చోటికి వెళ్లి మేడమ్‌కి ఫోన్ చేశాను.

"నోటితో ఒప్పుకుంటే అదే రికార్డు చెయ్యి, చాలు. తరగతిలో చెప్పాను."

చెప్పే ఉంటుంది. అప్పుడు పక్కదానితో నేనేదో మాట్లాడుతూ ఉండి ఉంటాను.

తిరిగొచ్చి కాగితం ఆవిడ ఎదురుగానే చింపేశాను. ఫోన్ చూపించి, ఇందులో మాట పడుతుంది, పేరు రాయను, వద్దంటే ఆపేస్తాను అన్నాను. ఆవిడ ఫోన్ వైపు, తర్వాత మా కొట్టు వైపు చూసింది.

"సరే. నాను ఒకటి సెప్తే నువ్వొకటి సెప్పాల. ముందు నువ్వే."

"నేనా? నాకేం తెలుసు?"

"మీ అయ్య మిరియాల రేటు ఎప్పుడు కడతాడు?"

పొద్దున్నే కింద మైదానం నుంచి పెద్ద వ్యాపారి ఫోన్ చేస్తాడు. ధర పడితే అప్పటికప్పుడే దించేస్తాం. పెరిగితే మాత్రం మధ్యాహ్నం దాకా పాత రేటే చెబుతాం. సరుకు చాలామటుకు పొద్దున్నే వస్తుంది కాబట్టి మా లాభమంతా ఆ పూటలోనే. ఇది ఇంటి గుట్టు. నాన్న నాకు చెప్పకపోయినా చూసి నేర్చుకున్నది.

చెప్పకపోతే నాకు గల్లా గతి, చెబితే ఇంటికి నష్టం. బేరం ఆడి చూశాను. "వేరేది అడుగు అప్పా."

"వేరేది నాకెందుకు? ఎల్లు మరి, బేగి. అమ్ముకునే ఏల."

చెప్పేశాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు, తలాడించింది అంతే. ఇక నా వంతు.

"ఏ కొట్టుకి అమ్మాలని ఎలా అనుకుంటావు అప్పా?" అని అడిగి, 'ధర' అన్న మాట పైకి రాబోతుంటే పక్కన అమ్ముతున్న ఉడికిన చిలగడదుంప ఒకటి కొని నోట్లో కుక్కుకున్నాను. నేను నములుతూనే ఉన్నాను. చివరకు ఆవిడే అంది:

"మీ అరుగు మీద ఐసు పెట్టె ఎట్టేసినారు కదే."

"ఊఁ?"

"సంతయ్యాక జీపొచ్చే దాకా మూటలు ఎక్కడ ఎట్టుకోవాల? నడుం ఎక్కడ వాల్చాల? సివర కొట్టోడు రేటు తక్కువే ఇత్తాడు. అయితే అరుగు కాళీగా ఉంచినాడు. ఉప్పూ సబ్బూ కొన్నాక పిల్లదాన్ని కూడా అక్కడే వదిలేసి తిరిగొత్తాను. మీ కాడ నిలబడితే, కూల్‌డ్రింకు తాగుతావా అని అడుగుతాడు మీ అయ్య."

ఆ కూల్‌డ్రింకుల ఫ్రిజ్ అరుగు మీద పెట్టించింది నేనే. అమ్మకాలు పెరుగుతాయని, డిగ్రీ మొదటి ఏడాది మార్కెటింగ్ పాఠం విని వచ్చి.

మేడమ్ ఆ ఇంటర్వ్యూ విని పాస్ చేసింది. "మధ్యలో ఈ నమిలే చప్పుడేమిటమ్మా?" అని మాత్రం అడిగింది. ఆమె ఆ మాట అనేసరికే మా ఇంట్లో మంటలు లేచాయి. ఆ వారం సంతలో పొద్దున్న ఒక్కరూ మిరియాలు మా కొట్టుకి తేలేదట. అందరూ మూటల మీద కూర్చుని మధ్యాహ్నం ఎప్పుడవుతుందా అని చూశారట. నేను ఇంటికి రాగానే నాన్న అందుకున్నాడు.

"నా గుట్టు సంతలో అమ్మీసి వచ్చావటే. ఎంతకి అమ్మావు?"

అరుగు సంగతి చెప్పాను. ఆయన ఫ్రిజ్ వైపు తిరిగాడు.

"నిజమేనా, నీ చెవిలో పువ్వెట్టిందా?"

"ఒక్కరి మాటేగా నాన్నా. ఇంకొంతమందిని అడగాలి. కొత్త మాట ఇక రావడం లేదనిపించే వరకు అడుగుతూనే ఉండాలి, పద్ధతి అది."

"అయితే ఎల్లి అడుగు. ఈసారి నువ్వేటీ సెప్పకు."

తర్వాతి సంతలో పసుపు అమ్ముతున్న ఇంకొకావిడ దగ్గర కూర్చుని ఫోన్ తీశాను. ఆవిడ దాన్ని ఆన్ చేయనివ్వలేదు.

"ఒకటికి ఒకటి అంట కదే గుంటా," అంది. "ముందు మీ తూకం సంగతి సెప్పు."