రెటినాల్ పూసుకుని గంగమ్మ జాతరకు పోయిన ఉపసంపాదకుడు

ముందే చెప్పేస్తున్నాను, ఈ కథలో నా ముఖం ఊడిపోతుంది. పూర్తిగా కాదు, పైపొర మాత్రమే. కానీ ఊడినది తిరుపతి నడివీధిలో, కెమెరా ముందు, నోటికి రాకూడని మాటలతో సహా. సున్నిత మనస్కులు ఇక్కడే పేజీ తిప్పేసుకోవచ్చు.

అప్పటికి నాకు యాభై దాటింది. ఒక దినపత్రిక డెస్కులో కూర్చుని, ఇతరులు రాసిన వార్తలను కత్తిరించడమే నా బతుకు. నా కత్తెర దెబ్బ తినని విలేఖరి జిల్లాలో లేడు. నా ముఖం ఎలా ఉంటుందో తెలిసిన పాఠకుడు మాత్రం ఒక్కడూ లేడు. అలాంటి నన్ను ఒకరోజు మా బ్యూరో ఇన్‌ఛార్జి మునిరత్నం పక్కకు పిలిచాడు. పత్రిక పేజీలు తగ్గుతున్నాయనీ, డెస్కులో చాలామందిని ఇంటికి పంపబోతున్నారనీ, ఇకమీదట జనం ఫోన్లలో చూసే వీడియో వార్తలే దిక్కనీ చెప్పాడు. ఆ వార్తలు చెప్పడానికి ఒక మనిషి కావాలి. గంగమ్మ జాతరలో నిలబడి ప్రత్యక్ష ప్రసారం చేయడమే పరీక్ష.

"నీ గొంతు బాగుండాదన్నా. బాస గురించి సెప్పే పన్లేదు. మొగమే కొంచిం..." అని ఆగాడు.

"కొంచెం?"

"పాత పేపరు మాదిరి ఉండాది."

కోపం రాలేదు, భయం వేసింది. కత్తిరించడం తప్ప నాకు మరో విద్య రాదు. ఆ అనుభవాన్ని నమ్మి గుడ్డ చేతికిచ్చే టైలరు కూడా దొరకడు. ఇంటికొచ్చి అద్దంలో చూసుకున్నాను. నుదురు దుక్కి దున్ని వానకోసం వదిలేసిన చేనులా ఉంది. కళ్ల కింద సంచులు చూస్తే, రేణిగుంట జంక్షన్‌లో సామానుతో దిగిన కుటుంబం గుర్తొచ్చింది.

ముడతలకు రెటినాల్ అనే క్రీము మంచిదని ఆఫీసులో ఆడపిల్లలు చెప్పుకుంటుంటే విన్నాను. మందుల షాపుకు పోయి ఒక ట్యూబు తెచ్చాను. పెట్టెలో మడతలు మడతలుగా ఒక కాగితం ఉంది. చదివాను. నా పద్ధతిలో చదివాను.

ఆ పద్ధతేమిటో మీకు చెప్పాలి. వార్తలో ముఖ్యమైన సంగతంతా మొదటి పేరాలో ఉండాలి, ప్రాధాన్యం తగ్గేకొద్దీ కిందికి దిగాలి, చోటు చాలకపోతే కింది నుంచి కోసేయాలి. ఇది మా వృత్తిలో వేదవాక్యం. జీవితమంతా ఆ పని చేసినవాడి కన్ను ఏ కాగితంలోనైనా మొదటి పేరా దాటదు. శుభలేఖలో ముహూర్తం దాకా చదివి, భోజనాలు ఎక్కడో తెలియక ఆకలితో తిరిగొచ్చిన చరిత్ర నాది.

మొదటి పేరాలో, క్రమం తప్పకుండా వాడితే సన్నగీతలు తగ్గి చర్మం నునుపుదేలుతుందని ఉంది. బ్రహ్మాండమైన వార్త. రాత్రిపూట మాత్రమే వాడాలని, శనగగింజంత చాలని, మొదట్లో వారానికి రెండుసార్లకు మించొద్దని, పగలు ఎండకు తగిన క్రీము రాసుకోవాలని, ఫలితానికి నెలలు పడుతుందని కింద రాసి ఉంది. అవన్నీ నా లెక్కలో కోతకు పోయే పేరాలు.

పొద్దున గడ్డం గీసుకోగానే ఒక పూత, సాయంత్రం ఒక పూత. నా భార్య సుగుణ తలుపు దగ్గర నిలబడి చూసింది.

"ఏందయ్యా అది, గోడకు సున్నం కొట్టినట్టు కొడతాండావు?"

వయసు తగ్గే మందన్నాను. కొంచెం పూసుకోరాదా అంది. "పిండి కొద్దీ రొట్టె" అన్నాను గంభీరంగా.

"మంట కొద్దీ మాడేది కూడా ఆ రొట్టే" అనేసి వంటింట్లోకి పోయింది.

ఆ ముఖంతో, మే నెల ఎండలో, స్కూటరు మీద ఊరంతా తిరిగాను. మొదట చర్మం బిగిసింది. యవ్వనం వస్తోందనుకున్నాను. తర్వాత ఎర్రబడింది. రక్తం పడుతోందని సంతోషించాను. ఆ తర్వాత వేయించిన చెనక్కాయ పప్పును నలిపితే రాలినట్టు పొట్టు రాలడం మొదలైంది. పాత చర్మం పోతోంది కదా అని పూత మందం పెంచాను. మూర్ఖుడికి కూడా ఒక దశలో అనుమానం వస్తుందంటారు. నాకు రాలేదు.

"పాము కూడా కుబుసం ఇడిసేటప్పుడు పుట్టలో పండుకుంటాది. నువ్వేంది, బజార్లు తిరుగుతావు" అంది సుగుణ.

జాతర రోజు వచ్చింది. మునిరత్నం నన్ను ఎగాదిగా చూశాడు. నా చుట్టూ ఒకసారి తిరిగాడు.

"వేషం కట్టినావా అన్నా? ఒక మాటైనా సెప్పలేదే."

నిజం చెబుదామని నోరు తెరిచాను. పెదవి మూల చిట్లింది. మూసేశాను. ఆ మౌనాన్ని అతను అంగీకారం కింద తీసుకుని కెమెరా ఆన్ చేయించాడు.

మా జాతర ఎరగనివారికి ఒక మాట. ఆ వారం రోజులు ఊళ్లో మగవాళ్లు రోజుకొక వేషం కడతారు. బైరాగి వేషానికి ఒంటికి తెల్లటి నామకొమ్ము సుద్ద పూసుకుంటారు, బండ వేషానికి ఎర్రటి కుంకుమ. వేషం కట్టినవాడు ఎదురైనవాణ్ని నోటికొచ్చినట్టు తిట్టవచ్చు. తిట్లు అమ్మవారికి చెల్లుతాయి, ఎవరూ తప్పు పట్టరు.

జనం మధ్య నిలబడి నేను రెండు వాక్యాలు చెప్పానో లేదో, ఒక ముసలమ్మ నా ముందుకొచ్చి ఆగింది. ఎర్రటి బుగ్గల మీద తెల్లటి పొట్టును పరీక్షగా చూసింది.

"అందురూ ఒగ దినం నామకొమ్ము, ఒగ దినం కుంకుమ పూసుకుంటారు. ఈ నాయన రెండూ ఒగేపారి పూసినాడే. ఎంత బక్తో" అని, చేతిలో ఉన్న పసుపూ వేపాకూ నూరిన ముద్దను నా నుదుటి గీతలు పూడేలా, రెండు బుగ్గలకూ అరచేతులతో రుద్ది దీవించింది.

ఆ మంటకు నా నోట వెలువడిన మాటలను ఇక్కడ రాయలేను. రెటినాల్‌ను తిట్టాను, దాన్ని కనిపెట్టినవాణ్ని తిట్టాను, ఎండను తిట్టాను, మునిరత్నం వంశాన్ని మూలపురుషుడి నుంచి వరసగా తిట్టుకుంటూ వచ్చాను. ప్రత్యక్ష ప్రసారం కాబట్టి కోయడానికి వీల్లేదు. ఇక నా ఉద్యోగం పోయినట్టేనని తిడుతూనే అర్థమైంది. జనం నా చుట్టూ మూగారు. తర్వాత చేతులెత్తి దండం పెట్టారు.

"సూడు, ఎంత పద్దతిగా తిడతాండాడో. మా కాలంలో ఇట్లనే తిట్టేవోళ్లు" అని ముసలమ్మ కళ్లు తుడుచుకుంది.

చర్మవైద్యురాలు నా ముఖం చూసి, క్రీముది తప్పేమీ లేదని, పద్ధతిగా వాడితే మంచిదేనని, చర్మం మానేదాకా నన్ను మాత్రం ఆ ట్యూబు ముట్టుకోవద్దని చెప్పింది. ట్యూబు సుగుణ తీసుకుంది. శనగగింజంత, వారానికి రెండు రాత్రులు, పగలు ఎండకు క్రీము. కొన్ని నెలలు పోయాక బస్సులో కండక్టరు ఆమెను "అక్కా, జరుగు" అన్నాడు. నన్ను "తాతా, కూసో" అన్నాడు.

ఇక ఉద్యోగం సంగతి. జాతర వీడియోను చూసినవాళ్లు మా పత్రిక కొనేవాళ్లకంటే ఎక్కువట. సీటు నీదేనన్నా అన్నాడు మునిరత్నం, వంశాన్ని తిట్టిన సంగతి పెద్దమనసుతో మరిచిపోయి. ముఖం మానాక, ఇస్త్రీ చొక్కాతో, అసలు రంగుతో, అసలు ముడతలతో స్టూడియోలో కూర్చుని మొదటి బులెటిన్ చదివాను. పూర్తికాగానే మునిరత్నం ఫోన్ నా ముందు పెట్టాడు. చూసినవాళ్లు కింద రాసిన మాటలన్నీ దాదాపు ఒకటే.

"జాతరలో వేషం కట్టిన ఆ వయసు పిలగాడు యాడ? ఈ పెద్దాయన్ని ఎందుకు కూర్చోబెట్టినారు?"

"ఏమని సెప్పేదన్నా?" అన్నాడు మునిరత్నం.

ఇద్దరం నాలుగైదు జవాబులు రాశాం, కొట్టేశాం. చివరికి అతనే టైపు చేశాడు, ఆ అబ్బాయి సెలవులో ఉన్నాడని.

ఆ సీట్లో ఇప్పటికీ నేనే వార్తలు చదువుతున్నాను. జనం ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు. అందుకే, పాఠక మహాశయుల ఎదుట, చల్లని తల్లి గంగమ్మ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నా కంఠంలో ప్రాణం ఉండగా ఆ పిలగాణ్ని సెలవు నుంచి వెనక్కి పిలవను.